బొమ్మరిల్లు

మా మాణికేశ్వర్ నగర్ సందుల్లోంచి పొద్దున్నే ఆడపిల్లలు బయలుదేరతారు. భుజాన సంచీ, చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకా తడి ఆరని జడ. యూనివర్సిటీ చెట్ల నీడలో నడిచి బస్సెక్కుతారు. విద్యానగర్, నల్లకుంట, బర్కత్‌పుర, కాచిగూడ దాటి కోఠీలో దిగుతారు. ఊరంతా కోఠీ ఉమెన్స్ కాలేజీ అని పిలుచుకున్న చోటు అది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. సింహాలు కాపలా కాసే ఎత్తైన మెట్లు, ఆ మెట్ల పైన ఆకాశాన్ని మోస్తున్నట్టు నిలబడ్డ తెల్లని స్తంభాలు. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ.

మా సందులోని అమ్మాయి ఒకతి అక్కడ చదువుతోంది. ఒక మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని ఆ ఆవరణంతా తిప్పింది. మేడ వెనకవైపు, ఒకప్పటి జనానా తోట ఉన్న చోట ఆగింది. అక్కడ ఆ మేడకే నమూనాగా చిన్న ఇల్లు ఒకటి రెసిడెంటు సాహెబు తన బేగం కోసం కట్టించాడని నేను చెప్పాను. పరదాలో ఉండే ఆమె ముందువైపుకు వచ్చి మేడను చూసే వీల్లేదు గనుక, మేడనే చిన్నది చేసి ఆమె వాకిట్లో పెట్టాడని ఈ నేల మీద తరతరాలుగా చెప్పుకునే మాట.

ఆ పిల్ల వెనక్కి తిరిగి మేడ వైపు చూసింది. మళ్లీ తోట వైపు చూసింది. "గీడికెళ్లి గాడికి ఎంత దూరం పెద్దమ్మా? నాలుగు అడుగులు. ఆమె పోయి చూడకపాయెనా?"

నాకు జవాబు తోచలేదు. ఈ కథంతా ఆ నాలుగు అడుగుల దూరమే.

ముగింపు ముందే చెప్పేస్తాను, ఎవరూ ఆశ పెట్టుకోకుండా. ఆ మేడ కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 41 ఏళ్లకే, భార్యాబిడ్డలకు దూరంగా కలకత్తాలో కన్నుమూశాడు. ఆయన బేగం ఖైరున్నీసా 30 ఏళ్లు నిండకుండానే పోయింది. వాళ్ల ఇద్దరు పిల్లలు సముద్రం దాటి వెళ్లి, పేర్లు మారి, తల్లిని మళ్లీ చూడలేదు. ఇక చెప్పుకోవడానికి మిగిలింది ఒక్కటే: ఎక్కడెక్కడ ఆ దారి పక్కకు తిరిగి ఉండవచ్చో, ఎక్కడెక్కడ తిరగలేదో.

కిర్క్‌పాట్రిక్ పుట్టింది మద్రాసులో, 1764లో. ఈస్టిండియా కంపెనీ సైనికుడు. 1798లో అన్న విలియం తరువాత హైదరాబాదుకు రెసిడెంటు అయ్యాడు. అది నిజాం అలీఖాన్ కాలం. మహలఖా బాయి చందా గజళ్లు దర్బారులో మోగుతున్న రోజులవి. మా తార్నాక పక్కన, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న పాత మెట్లబావి ఆమెదేనంటారు. నేను రోజూ తొక్కే ఈ నేల కూడా ఆ కాలపు పాదాల కింద నలిగినదే.

కిర్క్‌పాట్రిక్‌కు ఆ నగరం నచ్చింది. నచ్చడమంటే అతిథికి నచ్చడం కాదు. పారసీ మాట్లాడాడు, హైదరాబాదీ దుస్తులు తొడిగాడు, హుక్కా పీల్చాడు, ముషాయిరాల్లో కూర్చున్నాడు. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ అని బిరుదిచ్చి, కొడుకని పిలిచాడు. అయినా అదే చెయ్యి 1798లో నిజాం ఫ్రెంచి పటాలాన్ని నిరాయుధం చేయించింది. అదే చెయ్యి 1800లో ఇంకో ఒడంబడిక రాసింది. బళ్లారి, కడప, అనంతపురం సీమలు నిజాం చేతిలోంచి కంపెనీ చేతికి జారిపోయింది ఆ కాగితంతోనే. దత్తమండలాలని మన పెద్దలు పిలిచిన నేల అదే, అందులో చాలా భాగం నేటి రాయలసీమ. ప్రేమించిన ఇంటికే తాళం బిగించిన మనిషి ఆయన. ఆ తాళం ఒకనాడు తన గుమ్మానికే పడుతుందని తెలుసుకోలేదు.

ఖైరున్నీసా పెద్దింటి బిడ్డ. తాత బాకర్ అలీఖాన్ కంపెనీ సేనలకు జీతాలు పంచే బక్షీ. దర్బారులో చక్రం తిప్పుతున్న మీర్ ఆలం దగ్గరి బంధువు. ఇంట్లో జరిగిన ఒక పెళ్లిలో, తెర చాటు నుంచి ఆమె ఆ తెల్లదొరను చూసిందంటారు. అప్పటికే ఆమెకు వేరే గొప్పింటి సంబంధం కుదిరింది. ఈనాటి కళ్లతో చూస్తే ఆమె బడికి వెళ్లాల్సిన పిల్ల. ఈ మాట దాచి ఈ కథ చెప్పడం నాకు చేతకాదు. అవతలివాడు 30 దాటిన అధికారి, వెనక సైన్యం ఉన్నవాడు. తల్లి షరఫున్నీసా, అమ్మమ్మ ఆమె పక్షాన నిలిచారు. ఆ పెళ్లి ఆమె మనసులోంచే వచ్చిందని ఆనాటి కాగితాలు చెబుతాయి. కాని ఆ కాగితాలు రాసింది, రాయించింది ఎక్కువగా మగవాళ్లు. ఆమె గొంతు మనకు తెర వెనక నుంచే వినిపిస్తుంది.

ఊరు గుప్పుమంది. కిర్క్‌పాట్రిక్ ఇస్లాం స్వీకరించి ఆమెను నిఖా చేసుకున్నాడు. సంగతి కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీ చెవిన పడింది. 1801లో మద్రాసులో సైనికాధికారులను కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి విచారించారు. ఒక మనిషి తన ఇంట్లో ఎవరిని భార్య అంటున్నాడో తేల్చడానికి ఒక సామ్రాజ్యం సాక్షులను పిలిచింది. పాతతరం కంపెనీ దొరలు చాలామంది ఈ దేశపు స్త్రీలతో కాపురాలు చేసి, వీలునామాల్లో వాళ్ల పేర్లు రాసినవాళ్లే. కాని గాలి మారుతోంది. ఏలవలసినవాళ్లతో కలిసి అన్నం తినకూడదనే రోజులు వస్తున్నాయి. ఈ జంట ఆ పాత రోజుల తలుపు మూసుకునే వేళకు లోపలికి అడుగుపెట్టింది.

అయినా కొన్నేళ్లు వెలుగు చూశారు. రెసిడెన్సీ తోటలో ఆమె కోసం రంగమహల్ లేచింది. 1801లో కొడుకు పుట్టాడు, సాహిబ్ ఆలం. మరుసటేడు కూతురు, నూరున్నీసా సాహిబ్ బేగం. మూసీ ఒడ్డున కొత్త మేడకు స్థలం అడుగుతూ ఆయన నిజాం ముందు ఒక పెద్ద పటం పరిచాడట. నిజాం బెదిరి కాదన్నాడట. తన రాజ్యపు పటం కూడా అంతే పొడవుండటమే కారణం. అదే స్థలాన్ని చిన్న కాగితం మీద గీసి చూపిస్తే, నవ్వి సరేనన్నాడట. ఈ ముచ్చట ఇప్పటికీ చెబుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. చిన్నది చేసి చూపిస్తే దక్కుతుందని అప్పుడు నేర్చుకున్నాడేమో ఆయన. తరువాత తన భార్యకు కూడా మేడను చిన్నది చేసే చూపించాడు.

ఆమె ఆ బొమ్మరింటి ముందు కూర్చుని ఉంటుంది. వేలెడంత స్తంభాలు, గోరంత మెట్లు. పక్కన ఇద్దరు పిల్లలు. ఇదిగో ఇక్కడ బాబాజాన్ కూర్చుంటారని వేలు పెట్టి చూపించి ఉంటుంది. ఆ నాలుగు అడుగుల అవతల అసలు మేడ సున్నపు వాసనతో పైపైకి లేస్తోంది.

పిల్లలు పెరుగుతున్నారు. తల్లి ఈ దేశపు స్త్రీ అయితే ఆ బిడ్డకు కంపెనీ కొలువులో చోటు లేదని 1790లలోనే కట్టడి చేశారు. ఇక్కడే ఉంటే వాళ్లు అటూ ఇటూ కారు. ఇంగ్లండు పంపితే, రంగు తేలికగా కలిసిపోతే, బతుకు దొరుకుతుంది. తండ్రి అలా లెక్క వేసుకున్నాడు. తల్లి ఏ లెక్క వేసుకుందో ఎవరూ రాసి ఉంచలేదు. 1805లో నాలుగేళ్ల కొడుకునూ మూడేళ్ల కూతురునూ మద్రాసు తీసుకెళ్లారు.

ఓడ ఎక్కే ముందు జార్జ్ చిన్నరీ వాళ్ల బొమ్మ గీశాడు. హైదరాబాదు దర్బారు దుస్తులు, ముత్యాల పేటలు. అన్న నేరుగా మన కళ్లలోకి చూస్తాడు. చెల్లి కళ్లు దించుకుని ఉంటుంది, కళ్ల కింద అలసట నీడ. ఇంకా ఏం పోగొట్టుకోబోతున్నారో తెలియని పిల్లలు అలా నిలబడి ఉంటే చూడటం కష్టం. ఆ సెప్టెంబరులో ఓడ కదిలింది.

ఒక్క నెల ఆగి ఉంటే! ఆ ఓడ రేవులో ఇంకొక్క నెల ఉండి ఉంటే! అక్టోబరు 15న తండ్రి కలకత్తాలో పోయాడు. వెల్లస్లీ దిగిపోయి గవర్నర్ జనరల్‌గా కార్న్‌వాలిస్ వచ్చాడు. ఇక మంచి రోజులు వస్తాయని కిర్క్‌పాట్రిక్ ఒంట్లో బాగాలేకున్నా మద్రాసు మీదుగా కలకత్తాకు బయలుదేరాడు. ఆయన చేరేసరికి కార్న్‌వాలిస్ కూడా కన్నుమూశాడు. ఎవరిని కలవడానికి వెళ్లాడో ఆ మనిషి లేడు. మద్రాసు నుంచి వెనక్కి తిరిగి ఉంటే? జబ్బుతోనైనా రంగమహల్‌కు చేరి ఉంటే? చిన్నపిల్లలు నడిసముద్రంలో ఉన్నారు, తండ్రి పోయాడని తెలియకుండా. తల్లి హైదరాబాదులో ఉంది, మొగుడు వస్తాడని ఎదురుచూస్తూ. 20 ఏళ్లు నిండీ నిండని ఇల్లాలు.

1806 మార్చిలో లండనులో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి, విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని పేర్లు పెట్టారు. సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అనే పేర్లతో పిలిచేవాళ్లు ఇక లేరు.

ఆ ఏడే ఖైరున్నీసా తల్లితో కలిసి కలకత్తా వెళ్లింది, భర్త సమాధి చూసుకోవడానికి. అక్కడ ఆమెకు అండగా నిలిచాడు హెన్రీ రస్సెల్, భర్త దగ్గర పనిచేసిన కుర్రవాడు. ఆ అండ తరువాత ఇంకేదో అయింది. ఒంటరి స్త్రీ నమ్మింది. సంగతి తెలిసి హైదరాబాదు వాకిళ్లు మూసుకున్నాయి. అప్పటికి దివానుగా ఉన్న మీర్ ఆలం ఆమెను ఊళ్లోకి రానివ్వలేదు. ఆమె మచిలీపట్నంలో ఆగిపోయింది. మన బందరు. సముద్రపు హోరు, ఉప్పుగాలి. పిల్లలను తీసుకుపోయిన నీళ్లే రోజూ ఒడ్డుకొచ్చి తాకుతూ ఉంటాయి. రస్సెల్ వస్తానన్నాడు. 1808లో మద్రాసులో ఇంకొక అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు.

ఇక్కడ నా చెయ్యి ఆగిపోతుంది. ఆమెను ఎవరైనా ఒక్కరు చెయ్యి పట్టుకుని, పదమ్మా ఇంటికి, అని ఉంటే! ఆ మాట అనే హక్కున్నవాళ్లంతా తలుపులు వేసుకునే ఉన్నారు. మీర్ ఆలం పోయిన తరువాతనే ఆమె తిరిగి హైదరాబాదు చేరగలిగింది. రస్సెల్ అదే రెసిడెన్సీకి రెసిడెంటు అయ్యాడు. 1813లో జబ్బు ముదిరినప్పుడు ఆమెను రంగమహల్‌కే తీసుకొచ్చారు. సెప్టెంబరు 22న అక్కడే ప్రాణం వదిలింది. 27 ఏళ్లు.

ఏళ్ల తరువాత కేథరిన్, అందరూ కిట్టీ అని పిలిచే అందమైన దొరసాని, ఇంగ్లండులో హెన్రీ రస్సెల్ ఇంటికి వెళ్లింది. గోడ మీద ఆ బొమ్మ కనిపించింది. ముత్యాల పేటలతో కళ్లు దించుకున్న పాప, తనే. పక్కన అన్న. విలియం 1828లోనే పోయాడు. కిట్టీ ఏడ్చేసిందట. అప్పుడు తెలిసింది, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని. 1841లో ఉత్తరాలు మొదలయ్యాయి. ఓడ కదిలిన 36 ఏళ్ల తరువాత. అమ్మమ్మ పారసీలో చెప్పి రాయించింది, మనవరాలు ఇంగ్లీషులో రాసింది. మధ్యలో అనువదించే చేతులు. అమ్మ ఎలా ఉండేదని అడగడానికి అంత దూరం పట్టింది. ఒకరినొకరు చూసుకోలేదు. 1847లో అమ్మమ్మ పోయింది, 1889లో కిట్టీ.

ఆ బొమ్మ ఇప్పుడు హాంకాంగ్‌లో ఒక బ్యాంకు సొత్తు. గీసిన చిన్నరీ కూడా చివరకు చైనా తీరానికి, మకావుకు వెళ్లి అక్కడే మట్టిలో కలిశాడు. రంగమహల్‌ను 1860లో కూల్చేశారు. మేడ మాత్రం మిగిలింది. 1949లో ఆడపిల్లల చదువుకు దక్కింది, ఈమధ్యే దాన్ని బాగుచేసి నిలబెట్టారు.

మా సందు అమ్మాయి ఇదంతా వింటూ నా పక్కన నడిచింది. తోట దాటాం. మేడ పక్కగా తిరిగి ముందుకు వచ్చాం. నేను దారిలో లెక్కపెట్టాను, నాలుగు అడుగులు కాదు గాని, పెద్ద దూరమేమీ కాదు. మెట్ల మీద పిల్లలు కూర్చుని డబ్బాలు విప్పుతున్నారు, సింహాలకు సంచులు తగిలించి. పచ్చిపులుసు వాసన వేసింది.

"జర కూసో పెద్దమ్మా, అలసిపోయినవ్" అంది ఆ పిల్ల.

కూర్చున్నాను. తల ఎత్తి స్తంభాల పైదాకా చూశాను, తనివితీరా, ఆమె కోసం కూడా.