స్త్రీధనమునుండి సమభాగమునకు

మన యిండ్లలో పెండ్లి జరిగినపుడు పెద్దముత్తైదువ యొకతె పెండ్లికూతురి పెట్టెయొద్ద కూర్చుండి, అందలి చీరలను, నగలను, వెండిగిన్నెలను లెక్కించి చూపుట వాడుక. ఆ పెట్టె యామెది. మన స్మృతికర్తలుగాని, నేటి న్యాయమూర్తులుగాని దానిని కాదనలేదు. కాని యామె పుట్టిపెరిగిన యిల్లు, ఆమెకు అన్నము పెట్టిన పొలము, ఇవి యెవరివి? వానిలో నామెకు పాలు గలదా? ఈ చిన్నప్రశ్నకు తిన్నని సమాధానము చెప్పుటకు మన దేశమునకు దాదాపు తొమ్మిదివందల యేండ్లు పట్టినది.

మనుస్మృతి స్త్రీధనమును ఆరు విధములుగా జెప్పినది. వివాహాగ్నియొద్ద నిచ్చినది, అత్తవారింటికి పోవునపు డిచ్చినది, ప్రీతితో నిచ్చినది, తల్లి యిచ్చినది, తండ్రి యిచ్చినది, సోదరుడిచ్చినది. ఇవన్నియు ఒకరు దయతలచి యిచ్చినవే. పైగా స్త్రీ తన చేతిపనివలన గడించిన ధనముపై భర్తకే స్వామ్యమని కాత్యాయనుడు చెప్పెను. కల్యాణి చాళుక్యుల కాలమున యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు ఈ హద్దును విరివి చేసెను. వారసత్వమువలన, క్రయమువలన, విభాగమువలన స్త్రీకి లభించినదెల్ల స్త్రీధనమే యని యాతని సిద్ధాంతము. 13 వ శతాబ్దమున కేతన ఈ శాస్త్రమునే ‘విజ్ఞానేశ్వరీయ’ మను పేర తెనిగించెను. కావున ఆంధ్రుల కిది పరాయి మాట కాదు. అయినను తాతతండ్రుల యాస్తిలో పుట్టుకతోడనే హక్కు గలవారు కొడుకులే యను నియమముకూడ ఆ మితాక్షరనుండియే వచ్చినది. ఒక చేత నిచ్చినదానిని రెండవచేత నాపినట్లయ్యెను.

ఆంగ్లప్రభుత్వము వచ్చిన పిమ్మట తీర్పు పండితుల చేతులనుండి ప్రీవీ కౌన్సిలు చేతికి మారెను. స్త్రీకి వారసత్వముగా వచ్చిన యాస్తి స్త్రీధనము కాదనియు, ఆమె దానిని బ్రతికినన్నాళ్లు అనుభవింపవలసినదే కాని, శాస్త్రసమ్మతమైన యక్కర లేనిదే అమ్మరాదనియు ఆ ధర్మాసనము నిర్ణయించెను. భర్తవలన వచ్చిన భూమి యామె యనంతరము భర్త దాయాదులకే చేరవలెను. మితాక్షర తెరచిన తలుపు ఇట్లు మూయబడినది. ఆనాటి సంస్కరణశాసనములలోను ఈ లోపమే కానవచ్చును. 1856 నాటి శాసనము వితంతువునకు పునర్వివాహము చేసికొను హక్కు నిచ్చినది. కాని యట్లు చేసికొన్నయెడల మొదటి భర్త యాస్తిపై నామెకు గల హక్కు పోవునని యందే విధించినది. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిననాడు, సంఘబహిష్కారముతోపాటు ఈ నష్టమునకుగూడ వధువులు సిద్ధపడవలసి యుండెను. వివాహిత గడించిన జీతము ఆమె సొంతమే యని 1874 లో మరియొక శాసనము వచ్చినది గాని, అది హిందూస్త్రీలకు వర్తింపలేదు.

1937 లో డాక్టరు జి. వి. దేశముఖ్ ప్రతిపాదించిన శాసనమువలన భర్త యాస్తిలో వితంతువునకు కొడుకుతో సమానమైన భాగము లభించెను. ఇది గొప్ప మేలే. కాని యిదియు జీవితకాలానుభవమునకు మాత్రమే పరిమితము. కూతురి ప్రసక్తి యందు లేదు. సేద్యపుభూముల వారసత్వముపై కేంద్రశాసనసభకు అధికారము లేదని 1941 లో ఫెడరల్ కోర్టు చెప్పగా, ఆ మేలును చాలవరకు అడుగంటెను. కర్షకదేశమున ఆస్తి యనగా భూమియే కదా! మదరాసు రాష్ట్రము తన శాసనమువలన దీనిని సాగుభూములకు వర్తింపజేయుసరికి 1947 వచ్చెను.

అటుపిమ్మట బి. ఎన్. రావుగారి సంఘము సిద్ధపరచిన హిందూస్మృతి ముసాయిదాను అంబేద్కరుగారు శాసనసభలో నడిపిరి. మన దుర్గాబాయమ్మగారు దానిని సమర్థించిరి. కూతురికి భాగమిచ్చినచో పొలములు ముక్కలగుననియు, అన్నాచెల్లెండ్ర ప్రేమ చెడుననియు ప్రతిపక్షులు వాదించిరి. నలుగురు కొడుకులకు పొలము నాలుగు ముక్కలైనపు డెవ్వరును వగవలేదు! బిల్లు నిలిచిపోవుటచే 1951 లో అంబేద్కరుగారు మంత్రిపదవిని విడిచిరి. తుదకు 1956 జూన్ 17 న హిందూవారసత్వ శాసనము అమలులోనికి వచ్చెను. అందలి 14 వ సెక్షను స్త్రీ స్వాధీనమందున్న యాస్తికి ఆమెనే సంపూర్ణస్వామినిగా జేసెను.

ఆ సెక్షను విలువ యెట్టిదో ఒక నెల్లూరు వ్యాజ్యము తెలుపును. 1931 లో ఒకామె భర్త అవిభక్తకుటుంబములో నుండగనే మరణించెను. 1944 లో నామె మరదిపై మనోవర్తికి దావా వేసెను. 1949 లో రాజీ జరిగి కొంత యాస్తిని ఆమెకు ఒసగిరి. బ్రతికినన్నాళ్లు అనుభవించుటయే గాని అన్యాక్రాంతము చేయరాదని షరతు. 1961 నాటికి అందులో కొంత నామె అమ్మగా, ఆ హక్కు నీకు లేదని మరది న్యాయస్థానమున కెక్కెను. హైకోర్టు ఆమెకు ప్రతికూలముగా జెప్పెను. 1977 లో సుప్రీంకోర్టు ఆమె పక్షమున తీర్పునిచ్చి, మనోవర్తి యనునది దయాభిక్ష కాదనియు, అంతకుముందే యున్న హక్కనియు, ఆ హక్కునకు బదులుగా వచ్చిన భూమి యామె సొంతమే యనియు ప్రకటించెను. భర్త పోయిన 46 ఏండ్లకు ఆ భూమి యామె దని తేలినది. నాటినుండి దేశమందలి వితంతువు లెందరికో ఆ తీర్పే యాధారము.

అయినను 1956 శాసనము పిత్రార్జితమును కొడుకులకే పుట్టుహక్కుగా నుంచెను. లెక్క చూడుడు. తల్లి లేని యింట తండ్రి, కొడుకు, కూతురు. పిత్రార్జితము 12 ఎకరములు. కొడుకునకు పుట్టుకచే 6 ఎకరములు. తండ్రి మరణించినపుడు ఆయన 6 ఎకరములలో నిరువురికి చెరి మూడు. కొడుకునకు 9, కూతురికి 3! ఈ వ్యత్యాసమును తీర్చుటకై కూతురినిగూడ జన్మచే సహభాగస్వామినిగా జేసిన మొదటి రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. 1985 సెప్టెంబరు 5 నుండి యా శాసనము వర్తించెను. కాని యంతకుముందే పెండ్లియైన కూతుండ్రను అది వెలిగానే యుంచెను. 2005 సెప్టెంబరు 9 న కేంద్రశాసనము సవరింపబడి, పెండ్లియైనను కాకున్నను కూతురు కొడుకుతో సమానమే యని దేశమంతటికి వర్తించెను. నాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020 లో సుప్రీంకోర్టు సందేహము తీర్చినది. ఇప్పుడా 12 ఎకరములలో ఇరువురికి చెరి ఆరు.

శాసనము తన పని తాను చేసినది. మరి మన యిండ్లలో? 2015–16 వ్యవసాయగణనలో కమతదారులలో స్త్రీలు నూటికి దాదాపు 14 మంది మాత్రమే. పొలములో నాటువేయునది, కలుపు తీయునది స్త్రీ. పట్టా మాత్రము పురుషునిపేర. పసుపుకుంకుమల క్రింద కూతురికి భూమి నిచ్చు సదాచారము మన తెలుగునాట నున్నదే; కాని దానిని నోటిమాటగా విడిచి, కట్నమును మాత్రము రొక్కముగా లెక్కించి వియ్యంకుని చేతిలో పెట్టుచున్నాము. ఆ కట్నము వధువుదే యని 1961 నాటి వరకట్ననిషేధశాసనము చెప్పుచున్నను, ఆమె చేతికి వచ్చుట యరుదు. తండ్రి పోయిన కొన్నాళ్లకు అన్నదమ్ములు విడుదలదస్తావేజు తెచ్చినపుడు, పుట్టింటి రాకపోకలు తెగునేమో యను భయముచే ఆడపడుచు సంతకము చేయును. దానిని మనము ప్రేమయని పొగడుచున్నాము. సోదరప్రేమ నిలుచుటకు ఒకరి భాగమే యెల్లప్పుడు వెలగా నేల చెల్లింపవలెను?

కావున చదువరులైన తల్లిదండ్రులకు నా విన్నపమిది. ఆస్తికాగితములు చదువుట మీ కూతురికి నేర్పుడు. మీ పొలమెంత, ఎవరి పేర నున్నది, అప్పెంత యను సంగతులు కొడుకుతోపాటు ఆమెకును చెప్పుడు. ఇవ్వదలచినదానిని మీరు బ్రతికియుండగనే రిజిష్టరు చేయించుడు. విడుదలదస్తావేజుపై సంతకము కోరు సోదరులారా! కోరుటకు ముందు ఆమె భాగము వెల యెంతయో ఆమెకు చెప్పి, ఆలోచించుకొనుటకు గడువిండు. పెండ్లిపెట్టెలో చీరలతోపాటు ఆ భూమికాగితమునుగూడ ముత్తైదువలు లెక్కించు దినము వచ్చినపుడు గాని ఈ శాసనములు మన గడప దాటి లోనికి వచ్చినవని చెప్పుకొనరాదు.