చెన్నపురి పాఠశాలలో సత్తుగిన్నె పుట్టిన వృత్తాంతము



మన వార్షిక మహాసభలయందు తీర్మానములకు కొదువ లేదు. బడులయందు వృత్తివిద్య నేర్పవలయుననియు, ఆ బడులకును పరిశ్రమలకును సంబంధము కుదుర్పవలయుననియు చేయు తీర్మానము వానిలో మిక్కిలి పాతది. ప్రతి సభయందును అది కరతాళధ్వనుల నడుమ నెగ్గుచునే యున్నది. అయితే ఇట్టి సంబంధము మన దక్షిణదేశమున నూఱేండ్లకు పైబడిన కాలమున ఒకసారి నిజముగా కుదిరి, ఫలించి, పిమ్మట తెగిపోయిన సంగతి మనలో పలువురు ఎఱుగరు. అది పంచవృత్తులలో నొకటియగు కంచరిపని చెంతనే నడచిన కథ యగుటచే, ఈ సంచికయందు దానిని విన్నవింప సాహసించితిని.

1850వ సంవత్సరమున అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు చెన్నపట్టణమున తన సొంత పూనికతో నొక కళాపాఠశాల నెలకొల్పెను. మఱుసటి యేట దానికి పరిశ్రమల శాఖ తోడయ్యెను. 1855లో దొరతనమువారు దానిని తమ స్వాధీనము చేసికొనిరి. కుమ్మరపని, చెక్కడము, చిత్రలేఖనము మున్నగునవి అచ్చట నేర్పుచుండిరి. ఇప్పుడు లలితకళల కళాశాల యను పేర పెరియమేటులో నున్నది ఆ సంస్థయే. దాని చిత్రకళాచరిత్రమును వ్రాసినవారు కలరు. నా దృష్టి దాని సుత్తిదెబ్బల మీదనే.

1888లో ఇంజనీరింగు కళాశాలకు ఆచార్యుడై వచ్చిన ఆల్ఫ్రెడు చాటర్టను అను నాంగ్లేయుడు, కళాపాఠశాల భారము తన చేతికి వచ్చిన దినములలో, 1898లో, అచ్చట అల్యూమినియము పాత్రలను చేయించుట కారంభించెను. మన యాడువారు సత్తు అని పిలుచునది ఈ లోహమే. అంతకు పండ్రెండేండ్ల ముందు, 1886లో, విద్యుచ్ఛక్తిచే ఈ లోహమును తీయు పద్ధతి అమెరికాలోను ఫ్రాన్సులోను ఒకేసారి బయటపడెను. దానితో వెండివలె అపురూపమై యుండిన లోహము ధర పడిపోయెను. రాగి యిత్తడులతో పోల్చినచో దీని బరువు మూడవవంతైనను లేదు. కాబట్టి వీసె ధర హెచ్చుగా తోచినను, వీసె లోహమునకు వచ్చు గిన్నెలు మూడింతలకు తక్కువ గావు. చాటర్టను లెక్క యిదియే. అప్పటికే మన కంచరులు కొట్టు రేకులలో పెక్కు సీమనుండి ఓడలలో దిగుచున్నవే గనుక, పరదేశపు లోహమని దీనిని కాదనుటకును వీలు లేకుండెను.

పనిలో చిక్కులు లేకపోలేదు. ఇత్తడి బిందెను రెండు తునకలుగా కొట్టి టంకముతో అతుకవచ్చును. అల్యూమినియము మీద గాలి సోకినంతనే సన్నని పొర యొకటి కట్టును. ఆ పొర అతుకును పట్టనీయదు. కావున పాత్రమంతయు ఒక్క రేకునుండియే సాగదీసి తీర్పవలయును. రేకు ఎచ్చట పలుచనగునో, ఎచ్చట చిట్లునో చేతితో గ్రహింపగల నేర్పు దీనికి ముఖ్యము. ఈ నేర్పు పుస్తకమున దొరకునది కాదు. అది కంచరివాని ముంజేతిలో నుండును.

పాఠశాలలో చేసిన పాత్రలు ప్రదర్శనముల బల్లలమీదనే నిలిచిపోక అంగడికి పోయెను, వంటయిండ్లకు పోయెను. వ్యాపారము సాగునని తేలిన పిమ్మట, 1903లో దానిని ఇండియన్ అల్యూమినియము కంపెనీ అను ప్రైవేటు కంపెనీకి అమ్మివేసిరి. చాటర్టను ఉద్దేశము మొదటినుండియు ఇదియే: బడిలో పరీక్షించుట, లాభము రుజువు చేయుట, పిదప మూలధనము గలవారికి అప్పగించుట. అదే సంవత్సరమున క్రోము తోళ్ల పని, 1906లో సేలమున నేతశాల ఇట్లే ఆరంభమయ్యెను.

ఇచ్చట నాకొక సందేహము. బడి రుజువు చేసినది, కంపెనీ కొనినది. కంచరి కేమి వచ్చినది? అతనికి కూలి వచ్చినది, వాటా రాలేదు. అంతేకాదు, ఆ క్రొత్త గిన్నె అతని పాత గిన్నెకు ఎసరు పెట్టినది. చింతపండు పులుసు కాచిన యిత్తడికి చిలుమెక్కును గనుక మాటిమాటికి కళాయి వేయింపవలెను. సత్తుకు ఆ బాధ లేదు. మా తాతగారు బ్రతికినంత కాలము దానిని లోహమనుటకే యొప్పుకొనలేదు. చేతిలో బరువే లేనిది పాత్రమెట్లగునని ఆయన వాదము. అయినను మా యింటి అన్నము మా నాయనమ్మ సత్తుగిన్నెలోనే వండెడిది. సహకార పరపతి సంఘముల చట్టము 1904లో, అనగా అమ్మకము జరిగిన మఱుసటి యేట వచ్చెను. అది కొంచెము ముందుగా వచ్చి, మనవారు పదిమంది చేరి కొన్ని వాటాలకైనను అప్పు తీసియుండినచో ఏమయ్యెడిదో చెప్పజాలను. నేరమంతయు దొరలమీదనే వేయుట మాత్రము న్యాయము గాదు.

తరువాతి భాగమును క్లుప్తముగ చెప్పెదను. 1908లో ఉదకమండలమున జరిగిన పరిశ్రమల సభ ఫలితముగా ఈ రాజధానిలో పరిశ్రమల శాఖ ఏర్పడి, చాటర్టను దానికి అధికారి యయ్యెను. ఐరోపీయ వర్తకులు దీనిని సహింపరైరి. దొరతనమువారే వ్యాపారమునకు దిగినచో తమగతి యేమని మొఱపెట్టిరి. 1910 జూలైలో రాజ్యకార్యదర్శి మార్లే ప్రభువు వ్రాసిన యుత్తరువు వారి పక్షమునకే మొగ్గెను: ప్రభుత్వధనముతో పని నేర్పవచ్చును గాని పరిశ్రమలు నడుపరాదు. సేలము నేతశాల మూతపడెను. 1914లో శాఖను మరల నిలిపిరి. 1916లో నియమితమై 1918లో నివేదిక నిచ్చిన పరిశ్రమల కమీషనులో చాటర్టనును, పండిత మదనమోహన మాలవీయగారును సభ్యులు. 1922లో పరిశ్రమలకు సహాయము చేయు చట్టమును చెన్నపురి శాసనసభవారు చేసిరి. అయినను బడి వేఱు, కార్ఖానా వేఱు అను ఆ యుత్తరువు నాటి భావము చట్టములకంటె దీర్ఘాయువు గలదై నిలిచెను.

అదే 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల తలుపులు తెఱచెను. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు చదువుతోపాటు చేతిపనులను కూడ నేర్పింప సంకల్పించిరి. వారికి ఏ వర్తకుని అడ్డును లేదు, ఏ కార్ఖానా తోడును లేదు. దాతల విరాళములే వారి మూలధనము.

స్వరాజ్యము వచ్చిన పిదప 1950లో చేతిపనివారి శిక్షణ పథకమును, 1961లో అప్రెంటిసు చట్టమును వచ్చెను. ఇంతమంది పనివారు గల కార్ఖానా ఇంతమంది అభ్యాసకులను చేర్చుకొనవలెనని చట్టము నిర్బంధించుట తెగిన త్రాటిని మరల ముడివేయుటయే. అయితే ముడి బిగువు ఎంతయో చూచినవాడను. మా వీథి పిల్లవాడొకడు ఫిట్టరు పని నేర్చి, ఒక కార్ఖానాలో ఏడాది అభ్యాసము చేసెను. ఆ యేడాదిలో అతనికి ఎక్కువ పరిచయమైనది చీపురుకట్ట. ధ్రువపత్రము మాత్రము చక్కని కాగితముమీద నిచ్చిరి.

2023 సెప్టెంబరులో విశ్వకర్మ పేరనే కేంద్రప్రభుత్వము పథకము నారంభించెను. అయిదు మొదలు ఏడు దినముల ప్రాథమిక శిక్షణము, దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు వంతుల వడ్డీకి అప్పు అందు కలవు. వడ్రంగి, కమ్మరి, కంసాలి, శిల్పి మొదలుగా 18 వృత్తులను అందు పేర్కొనిరి. నేను ఆ పట్టికను రెండుసార్లు చదివితిని. ఆరంభమున ప్రకటించిన ఆ పదునెనిమిదింటిలో కంచరిపని పేరు లేదు. తూర్పుగోదావరిలోని అజ్జరమునందును, జనగామ చెంత పెంబర్తియందును, శ్రీకాకుళపు బుడితియందును ఇత్తడి కొట్టు కుటుంబములు గల దేశమునకు ఈ పట్టిక వచ్చినది!

కాబట్టి ఈసారి తీర్మానమును వ్రాయు పెద్దలకు రెండు మనవులు. కంచరిపని పేరును చేర్పుమని ప్రభుత్వమువారి నడుగుట మొదటిది. మన విరాళములతో నేర్పడు బడి ఏ కార్ఖానాతో నొడంబడిక చేసికొనినను, అందు మన పిల్లల కూలి సంగతితోపాటు వాటా సంగతిని కూడ వ్రాయించుట రెండవది. ఈ రెండవ మనవిని ధనవంతులగు మన పోషకులు సభ ముగియక మునుపే చర్చింతురుగాక.