అట్టముక్కకు రంగేసే ముందు

చిప్‌బోర్డు కావాలని మన ఊళ్లో ప్లైవుడ్ దుకాణానికి వెళ్లి అడిగితే చెక్కపొట్టు, బంక కలిపి అదిమిన పలక చూపిస్తాడు. నేనూ ఓసారి అలాగే అడిగి, ఎన్ని అడుగులు కావాలో చెప్పలేక బయటపడ్డాను. స్క్రాప్‌బుక్ చేసేవాళ్ల చిప్‌బోర్డు వేరు. పాత కాగితాలను గుజ్జు చేసి అదిమిన బూడిద రంగు అట్ట అది. పుస్తకాల బైండింగు అట్టకు దగ్గర చుట్టం. దాన్ని లేజరుతో సీతాకోకచిలుకలుగా, పళ్ల చక్రాలుగా, తీగలుగా, అక్షరాలుగా కోసి అమ్ముతారు. కొన్నవాళ్లు వాటికి రంగులేసి, ఫొటో చుట్టూ పేర్చి అతికించి ఒక పేజీ తయారుచేస్తారు. ఆ పేజీకే లేఅవుట్ అని పేరు. మామూలు కొలత అటు 12 అంగుళాలు, ఇటు 12 అంగుళాలు. కాగితం, రంగు, గుడ్డపీలిక, లోహపు బిళ్ల అన్నీ ఒకే పేజీ మీదికి చేరితే మిక్స్‌డ్ మీడియా అంటారు.

ఒక ముక్క చేతిలోకి తీసుకుందాం. వేలెడంత పళ్ల చక్రం. లేజరు కోసిన అంచు కాస్త మాడి గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగ వాసన. దీనికి నేరుగా రంగు వేస్తే అట్ట తాగేస్తుంది, అడుగు నుంచి బూడిద రంగు తొంగిచూస్తుంది. అందుకని ముందు జెస్సో అనే తెల్లపూత పూయాలి. ఒక వైపే పూస్తే తడికి ముక్క అప్పడంలా వంకర పోతుంది; రెండో వైపు కూడా పలచగా చెయ్యి తిప్పితే సర్దుకుంటుంది. ఆరాక నల్ల రంగు. దానిమీద పొడి కుంచెతో రాగి రంగు తుడిచీ తుడవనట్టు రాస్తే, ఇందాకటి అట్ట తుప్పు పట్టిన ఇనుప చక్రమైపోతుంది. పగుళ్లు కావాలంటే క్రాకిల్ పేస్టు ఉంది: మందంగా రాస్తే పెద్ద బీటలు, పలచగా రాస్తే సన్నవి, ఎండాకాలం చెరువు అడుగులాగా. ఆ బీటల్లోకి గోధుమ రంగు నీళ్లు వదిలి పైన గుడ్డతో తుడిస్తే, రంగు సందుల్లోనే నిలిచిపోతుంది.

జెస్సో ఇటలీ మాట. సుద్ద, జిప్సం అని అర్థం. మధ్యయుగాల్లో అక్కడి చిత్రకారులు చెక్క పలక మీద బొమ్మ వేసేముందు, తోళ్లు ఉడికించి తీసిన జిగురులో సుద్ద కలిపి పూత మీద పూత వేసేవారు. ఇప్పుడు సీసాల్లో దొరికేది 1950లలో అమెరికాలో వచ్చిన యాక్రిలిక్ రకం. మనకు ఈ పని చెప్పనక్కర్లేదు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర బొమ్మకు రంగులు దిద్దేముందు సుద్దపూత పూస్తారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల అంబలి, తెల్లసుద్ద పట్టించాకే కుంచె ముడతారు. ముందు తెల్లగా చేసుకోవడం, తర్వాత రంగు. ఎక్కడైనా ఇదే వరస.

స్క్రాప్ అంటే ఏదో చిత్తుకాగితం అనుకుంటాం. నిజానికి 19వ శతాబ్దంలో అది ఒక సరుకు పేరు. రాతి పలకల మీద నుంచి రంగుల బొమ్మలు అచ్చువేసే క్రోమోలిథోగ్రఫీకి గొడెఫ్రా ఎంగెల్‌మాన్ 1837లో పేటెంటు తీసుకున్నాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఆ పద్ధతిలో జర్మనీ అచ్చుయంత్రాలు దేవదూతల్నీ, గులాబీల్నీ, కుక్కపిల్లల్నీ లెక్కలేనన్ని అచ్చు కొట్టాయి. అచ్చయ్యాక పైన మెరుపు పూత, తర్వాత వెనక నుంచి ఒత్తి బొమ్మను ఉబ్బెత్తుగా లేపడం, చివర ఇనుప అచ్చుతో అంచు వెంబడి కోయడం. అలా తయారైన మెరిసే ఉబ్బెత్తు బొమ్మ పేరు ఇంగ్లండులో స్క్రాప్. జర్మనీలో ఒబ్లాటెన్ అనేవారు. ఆ మాటకు అసలు అర్థం పలచటి రొట్టె. రొట్టెల మీద, మిఠాయిల మీద అంటించే అలంకారంగా కూడా ఇవి అమ్ముడుపోయేవి.

అంటే స్క్రాప్‌బుక్‌లోకి ముందు వచ్చింది అలంకారమే. ఫొటో ఆ ఇంటికి తర్వాత వచ్చిన చుట్టం.

ఈ స్క్రాప్ బొమ్మలు షీట్లుగా వచ్చేవి. ఆ షీట్లలో నాకు నచ్చినది ఇంకోటి ఉంది. బొమ్మలన్నీ విడివిడిగా రాలిపోకుండా సన్నటి కాగితపు పట్టీలతో ఒకదానికొకటి తగిలించి ఉండేవి. నిచ్చెన మెట్లలా ఉంటాయని వాటికి ల్యాడర్లు అని పేరు, తయారుచేసిన కంపెనీ పేరు వాటిమీదే ఉండేది. ఇవాళ లేజరుతో కోసిన చిప్‌బోర్డు షీటు కొన్నా అంతే: ముక్కలు చిన్న చిన్న కొనల దగ్గర పట్టుకుని ఉంటాయి, బ్లేడుతో ఒక గాటు పెట్టి ఊడదీసుకోవాలి. రాతి అచ్చు పోయింది, లేజరు వచ్చింది, మెట్టు మాత్రం అక్కడే ఉంది.

లండన్‌లో ఈ వ్యాపారానికి పెద్ద పేరు రాఫెల్ టక్. ప్రష్యా నుంచి వలస వచ్చి 1866లో దుకాణం తెరిచాడు. ఆయన అమ్మిన రంగుల సరుకులో చాలా భాగం జర్మనీలో అచ్చయినదే. 1940 డిసెంబరు 29 రాత్రి జర్మన్ బాంబులకు ఆ కంపెనీ భవనం, అందులో దాచిన అసలు చిత్రాలతో సహా తగలబడిపోయింది.

మా తరం వాళ్లకు స్క్రాప్‌బుక్ అంటే బడి గుర్తుకొస్తుంది. జాతీయ నాయకులు, కూరగాయలు, వాహనాలు గడులు గడులుగా అచ్చేసిన చార్టు పుస్తకాల దుకాణంలో కొనుక్కుని, కత్తిరించి, మందపాటి రంగుకాగితాల పుస్తకంలో అంటించేవాళ్లం. జిగురు సీసా లేని రోజు అన్నం మెతుకులే దిక్కు, పండగ పూట ఇంట్లో మైదా ఉడికిస్తే అదే భాగ్యం. కత్తిరించుకోవడానికే అచ్చేసిన బొమ్మ అనే ఆలోచన ఎక్కడిదో అప్పుడు మాకేం తెలుసు!

అతికించే సరదా స్క్రాపుల కన్నా పాతది. ఐరోపాలో చదువుకున్నవాళ్లు నచ్చిన మాటలు, మందుల చిట్కాలు, పద్యాలు ఒకచోట రాసుకునే పుస్తకాలు ఉండేవి. వాటికి విషయసూచిక ఎలా వేసుకోవాలో తత్త్వవేత్త జాన్ లాక్ ఒక పద్ధతే రాసిపెట్టాడు. కానీ కత్తెరకు అసలు పని చెప్పింది జేమ్స్ గ్రేంజర్ అనే ఇంగ్లిషు మతగురువు. 1769లో ఆయన ఇంగ్లండు ప్రముఖుల జీవిత చరిత్రను, వారి చిత్తరువుల జాబితాతో కలిపి అచ్చువేశాడు. పాఠకులు ఆ చిత్తరువులు వెతికి వెతికి, వేరే పుస్తకాల్లోంచి చింపి మరీ తెచ్చి ఇందులో అంటించుకోవడం మొదలుపెట్టారు. ఆ పిచ్చికి ఆయన పేరు మీదే గ్రేంజరైజింగ్ అని పేరొచ్చింది. పాపం, ఆయన రాసింది ఒకటి, జనం చేసింది ఇంకోటి. ఎన్ని మంచి పుస్తకాలు బొమ్మలు పోగొట్టుకుని బోసిగా మిగిలాయో.

పిల్లల కథల ఆండర్సన్ కూడా కత్తెర మనిషే. చివరి రోజుల్లో, 1873–74 ప్రాంతంలో, జబ్బుతో గదిలో ఉండి 8 రెక్కల మడత తెర ఒకటి పత్రికల బొమ్మలతో నింపాడు. ఒక రెక్క బాల్యానికి, ఒకటి నాటకరంగానికి, మిగతావి తిరిగిన దేశాలకు. ఇవాళ్టి మిక్స్‌డ్ మీడియా మాట అప్పటికి లేదు గానీ, మడత తెరనే లేఅవుటు చేసుకున్నాడాయన.

అదే 1873లో అమెరికాలో రచయిత మార్క్ ట్వేన్ స్క్రాప్‌బుక్‌కు పేటెంటు తీసుకున్నాడు. జూన్ 24, నంబరు 1,40,245. పేజీ మీద ముందే జిగురు చారలు ఆరబెట్టి ఉంటాయి. కావలసిన చోట తడిచేసి ముక్క అంటించడమే. జిగురు సీసా ఎండిపోయి తిట్టుకునే బాధ తప్పుతుందన్నది దాని ఆకర్షణ. తపాలా బిళ్ల నాలుకకు రాసుకున్నంత తేలిక. 1885లో ఒక పత్రిక లెక్క కట్టింది: మిగతా పుస్తకాలన్నిటి మీద ట్వేన్ సంపాదన 2 లక్షల డాలర్లు, అక్షరం లేని ఈ ఖాళీ పుస్తకం మీద 50 వేలు. ఏ రచయితకైనా ఈ లెక్క చదివితే గుండె కలుక్కుమంటుంది.

ఫొటో వచ్చాక కథ మారింది. 1888లో కొడాక్ కెమెరా, 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ. ఇంటింటా ఫొటోలు పేరుకున్నాయి. ఆల్బం పేజీ నల్లగా, నిరాడంబరంగా మారింది. మూలలకు నాలుగు త్రికోణపు కాగితాలు, మధ్యలో ఫొటో, కింద తెల్ల పెన్సిలుతో పేరు. దేవదూతలూ గులాబీలూ వెళ్లిపోయాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ పొర ఎత్తి ఫొటో అదిమే జిగురు ఆల్బం వచ్చింది. మన ఇళ్లలోనూ ఎన్నో పెళ్లి ఫొటోలు వాటిలోకే వెళ్లాయి. ఆ జిగురు, ఆ ప్లాస్టిక్ కలిసి ఫొటోలను పసుపు పచ్చగా మార్చాయి. తీద్దామంటే చిరుగుతాయి. మా ఇంట్లో ఒక పెళ్లి ఫొటోలో పీటల మీద పెళ్లికొడుకు ఉన్నాడు, పక్కన కూర్చున్న వాళ్ల మేనమామ ముఖం పేజీకే ఉండిపోయింది.

ఇవాళ్టి స్క్రాప్‌బుక్ ఉద్యమం పుట్టింది ఈ నష్టం నుంచే. యూటా రాష్ట్రంలోని స్పానిష్ ఫోర్క్ అనే చిన్న ఊళ్లో మేరీలిన్ క్రిస్టెన్సెన్ కుటుంబం, ఫొటోలు పాడుకాని కాగితం, ప్లాస్టిక్ తొడుగులు వెతికి 50కి పైగా సంపుటాలు చేసింది. వాళ్లు మోర్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందినవాళ్లు; వంశచరిత్ర రాసుకోవడం మోర్మన్లకు మత ధర్మం. అలెక్స్ హేలీ తన పూర్వీకుల కథగా రాసిన ‘రూట్స్’ వచ్చాక మిగతా అమెరికాకూ తాతముత్తాతల మీద ధ్యాస మళ్లింది. 1980లో సాల్ట్ లేక్ సిటీ వంశచరిత్రల సదస్సులో ఆ సంపుటాలు ప్రదర్శనకు పెట్టారు, మరుసటి ఏడాది ఆ కుటుంబం దుకాణం తెరిచింది. 1987లో మిన్నెసోటాలో మొదలైన క్రియేటివ్ మెమరీస్ ఇళ్లలో సమావేశాలు పెట్టి ఆల్బంలు అమ్మింది. ఆ కాలపు మంత్రం ఒక్కటే: ఆమ్లం లేని కాగితం, ఆమ్లం లేని జిగురు.

తమాషా చూడండి. చిత్తుకాగితాల గుజ్జుతో చేసిన మామూలు బూడిద అట్ట ఈ మంత్రానికి బద్ధ శత్రువు. కాగితాన్ని పసుపు పచ్చగా మార్చి పాడుచేసే లిగ్నిన్, ఆమ్లం రెండూ అందులో ఉంటాయి. అదే అట్ట ఆ తర్వాత ఆమ్లం లేదన్న ముద్రతో శుద్ధిపొంది, అలంకారమై ఆల్బంలోకి తిరిగొచ్చింది. 1912లో చిత్రకారులు పికాసో, బ్రాక్ తమ బొమ్మల్లో నూనెగుడ్డ, గోడకాగితం అంటించి మొదలుపెట్టిన కొలాజ్ పద్ధతులు కూడా దాని వెంటే వంటింటి బల్ల మీదికి దిగాయి. పోలండ్‌లో పుట్టి ఐర్లండ్‌లో స్థిరపడిన ఫిన్నబేర్ లాంటి కళాకారులు అట్ట, గుండీ, లేసు, పూసా కలిపి దట్టంగా పేర్చే పేజీలకు పేరు తెచ్చారు. ఉబ్బెత్తుగా, కోసిన అంచుతో, రంగులతో ఉన్న ముక్క మళ్లీ పేజీ ఏలుతోంది. జర్మన్ స్క్రాప్ మనవరాలు తిరిగి పుట్టింటికి చేరింది.

నా ఫిర్యాదల్లా ఒకటే. కొన్ని లేఅవుట్లలో చక్రాలు, తీగలు, పూలు, పగుళ్ల మధ్య ఫొటో అగ్గిపెట్టె అంతైపోయింది. ఎవరి ఫొటో, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం అన్నది ఎక్కడా ఉండదు. అందం ఉంది గానీ, యాభై ఏళ్ల తర్వాత చూసే మనవడికి ఆ పేజీ ఒక రంగుల ముగ్గు మాత్రమే.

చెయ్యి దురదపెట్టి మీరూ మొదలుపెడితే, పేజీ మీద తడి జెస్సో, రంగు నీళ్లు, జిగురు ఉంటాయని మరవకండి. అమ్మమ్మ అసలు ఫొటో దాచేసి నకలు తీయించుకుని దాన్నే అంటించండి. అసలు దాని వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు, ఊరు, ఏడాది ఇవాళే రాయండి. చెప్పేవాళ్లు ఇంట్లో ఉండగానే.