నజరేయుని దైవత్వము: ఒక చారిత్రక విచారము

నాటి నిజాము రాజ్యములోని ఓరుగల్లు సీమయందు డోర్నకల్లు కలదు. 1912లో భారతీయులలో ప్రథమ ఆంగ్లికను బిషప్పుగా అభిషిక్తులైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి పీఠమది. అచ్చట 1939లో ప్రతిష్ఠితమైన దేవాలయమున మసీదు గుమ్మటములును, మన గుడి మంటపముల స్తంభములును, సిలువయు నొక్కచోట కొలువుదీరియున్నవి. ఈ సీమలో రాముని, కృష్ణుని కథలు వినుచు పెరిగినవారికి దేవుడు మనుష్యుడై పుట్టెననుట వింతగా తోపదు. యేసునాటి యెరూషలేమున నట్లు కాదు. ఆ మాటయే అచ్చట దైవదూషణము, మరణదండనార్హము. కావున యేసు తన్ను దేవునిగా చెప్పుకొనెనా యను ప్రశ్నను యూదుల చెవులతో వినవలయును.

మన దేశమున ఈ వాదము పాతదే. 1820లో రామమోహన రాయలవారు అద్భుతకథలను విడిచి యేసు నీతిబోధలను మాత్రమే యేర్చి ప్రకటింపగా, శ్రీరాంపురపు మిషనరీ మార్ష్మను దొర తీవ్రముగా ఖండించెను. కుమారుడు తండ్రికి లోబడినవాడేయని రాయలవారు బైబిలు వాక్యములతోనే ప్రతివాదము చేసిరి. బాప్టిస్టు పాదిరియైన ఆడముగారే 1821లో వారి పక్షము చేరుట ఆ వాదబలమునకు సాక్ష్యము. మద్రాసు క్రైస్తవ కళాశాలలో మిల్లరుగారి శిష్యులై, పిదప సికిందరాబాదు మహబూబు కళాశాలకు ప్రధానాచార్యులైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును యేసునెడ గౌరవము గలవారయ్యు బ్రాహ్మసమాజ ధర్మమును విడువరైరి.

తానును తండ్రియు ఏకమని యేసు పలికినట్లు చెప్పునది యోహాను సువార్త. అది మొదటి శతాబ్ది చివరిదని పెక్కుమంది పండితుల మతము. సుమారు 70వ సంవత్సరపుదగు మార్కు సువార్తయందట్టి స్పష్టోక్తి లేకపోగా, తన్ను మంచివాడని పిలిచిన ధనికుని యేసు వారించెను. అంతమాత్రమున దైవత్వము తరువాతివారి కల్పనయని తేల్చుట తొందరపాటని నా నిశ్చయము. ఆ మార్కులోనే, కపెర్నహూములో ఇంటికప్పు విప్పి మంచముతో దింపిన పక్షవాతరోగి పాపములు పోయినవని యేసు పలుకగా, దేవుడు తప్ప అన్యుడీ మాట యెట్లనునని అచ్చట కూర్చున్న శాస్త్రులు కలవరపడిరి. వారు విన్నది బోధకుని ఓదార్పు కాదు, దైవాధికారము. ‘నేను దేవుడను’ అని చాటెననుటకు ఆధారము దుర్బలమే. దేవునికే చెల్లు అధికారమును తనదిగా చెలాయించెననుటకు మాత్రము ఆధారము ప్రబలము. ఇక యేసు దైవత్వమును ప్రకటించిన నిషియా సభ 325లో కూడుటకు రెండున్నర శతాబ్దులకు మించి పూర్వమే, మార్కు గ్రంథముకన్నను ముందే, పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలో సమస్త ప్రాణులును యేసు నామమున మోకరిల్లవలయునని యున్నది.