పదకొండు నెలల కౌలుతో నేల బాగవుతుందా? పల్నాడు మహిళా రైతులు, వాతావరణ మార్పు

2023 ఖరీఫ్ పల్నాడు రైతును రెండు విధాలా దెబ్బతీసింది. అది ఎల్‌నినో ఏడాది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత తక్కువ వాన పడిన ఆగస్టు మరొకటి లేదు. నాగార్జునసాగర్‌కు వరద రాక కుడి కాలువ కింద పొలాలు నీటి కోసం ఎదురుచూశాయి. నవంబరు 30న ఆ కాలువకు నీళ్లు వదిలే విషయంలో డ్యామ్ మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. మరో ఐదు రోజులకే, డిసెంబరు 5న, మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బెట్టను తట్టుకుని బతికిన మిరప, పత్తి ఉమ్మడి గుంటూరు జిల్లాలో చాలాచోట్ల నీళ్లలో ఉరకెత్తాయి.

ఒకే పంటకాలంలో కరువునూ ముంపునూ తట్టుకోవాలంటే కొత్త విత్తనం ఒక్కటే చాలదు. వాన పడినప్పుడు నీటిని ఇంకించుకుని, లేనప్పుడు తేమ నిలుపుకునే నేల కావాలి. అలాంటి నేలను తయారుచేసే పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. నేల మీద హక్కు మాత్రం చాలామందికి లేదు, ఉన్నా ఏడాది పాటే. పల్నాడులో వాతావరణ మార్పును తట్టుకునే సేద్యానికి అసలు అడ్డంకి ఈ హక్కు దగ్గరే ఉందన్నది ఈ వ్యాసం వాదన.

కాలువ కింద, కాలువకు ఎగువన

1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక నరసరావుపేట వైపు ఆయకట్టు రూపురేఖలు మారాయి. జలాశయం మాచర్ల మండలం అంచునే ఉన్నా, వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మెట్ట మండలాలు వాననూ బోర్లనూ నమ్ముకునే బతుకుతున్నాయి. అక్కడి పత్తి, మిరప, కంది సేద్యంలో విత్తడం నుంచి కలుపు, పత్తి తీత, మిరప కోత దాకా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను మాడ్చేసినప్పుడు మందుల ఖర్చు అప్పుగా మిగిలింది. ఆ అప్పు భారం కౌలు రైతు ఇంటి మీద మరీ ఎక్కువగా పడింది.

ఎండు నేలలో విత్తనం

ఆంధ్రప్రదేశ్‌లో 2004లో పురుగుమందులు లేని సేద్యంగా మొదలైన ప్రయత్నం 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయంగా విస్తరించింది. డ్వాక్రా కాలం నుంచి ఊరూరా అల్లుకున్న పొదుపు సంఘాలు, గ్రామ సమాఖ్యలే దీనికి పునాది. ఈ కార్యక్రమానికి 2024 జూలైలో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే పురస్కారం వచ్చినప్పుడు, లిస్బన్ వేదిక మీద దాన్ని అందుకున్నవారిలో ఒక మహిళా రైతు ఉన్నారు.

వాతావరణ మార్పుకు నేరుగా జవాబిచ్చే పద్ధతి ఇందులో ఒకటుంది: తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం. సజ్జ, జొన్న, పెసర, అలసంద, నువ్వు, జనుము, ఆముదం, గోంగూర వంటి పలురకాల గింజలను టార్పాలిన్ మీద పోసి, విత్తనశుద్ధికి వాడే బీజామృతం చిలకరిస్తూ, మెత్తటి బంకమన్ను, బూడిద వేసి చేతులతో దొర్లిస్తారు. గింజ చుట్టూ మన్ను పూతలా పట్టేదాకా ఆ పని సాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో చల్లిన ఆ గింజలు ఏ చిన్న జల్లు పడినా మొలుస్తాయి. ఎండిన గడ్డి కప్పితే తేమ ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. అసలు పంట వేసేలోపు ఆ పచ్చదనం పశువుల మేతకో, నేలకు ఆచ్ఛాదనగానో పనికొస్తుంది. వేళ్లు దిగిన చోట నల్లరేగడి గుల్లబారి, వాన నీరు పైపైన కొట్టుకుపోకుండా లోపలికి దిగుతుంది. అయితే ఇది ఏటా మానకుండా చేస్తేనే నేల నిలదొక్కుకుంటుంది.

ప్రకృతి సేద్యంలో నేలకు అందించే జీవామృతం ఎకరానికి సరిపడా చేయాలంటే 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల చొప్పున బెల్లం, పప్పు పిండి, 200 లీటర్ల నీళ్లు కావాలి. పేడ ఎత్తడం, నీళ్లు మోయడం, రెండు రోజుల పాటు పూటపూటా కలియబెట్టడం ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల వంతే. రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాలను పరిశీలించిన గిస్ట్ ఇంపాక్ట్ సంస్థ 2023 నివేదిక ప్రకృతి సేద్యంలో నికరాదాయం దాదాపు సగం పెరిగిందనీ, దాంతోపాటు శ్రమ కూడా సుమారు ఐదో వంతు ఎక్కువైందనీ చూపింది. ఆ అదనపు శ్రమకు కూలి ఎవరూ లెక్కకట్టరు.

పని ఒకరిది, పాసుపుస్తకం మరొకరిది

దేశంలో సాగు చేసే గ్రామీణ మహిళలు కోట్లలో ఉన్నా, 2015–16 వ్యవసాయ గణన ప్రకారం కమతాల నిర్వాహకుల్లో మహిళలు సుమారు 14 శాతమే. వారసత్వ భూమిలో కూతురికి సమాన హక్కు ఇవ్వడంలో ఆంధ్రప్రదేశ్ 1980ల నడిమిలోనే దేశానికి దారి చూపింది. అయినా పెళ్లినాటి కట్నంతోనే తన వాటా తీరిపోయిందని ఆడపిల్లతో అనిపించే ఇళ్లు నేటికీ ఉన్నాయి.

కౌలు సేద్యంలో చిక్కు ఇంకా పెద్దది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు గడువు 11 నెలలు. దానికి భూయజమాని సంతకం తప్పనిసరి. బ్యాంకు రుణం, బీమా, పంట నష్టపరిహారం దక్కాలంటే ఆ కార్డే ఆధారం. యజమాని సంతకం పెట్టకపోతే తుపాను పరిహారం పాసుపుస్తకం ఉన్నవాళ్ల ఖాతాకు పోతుంది, అప్పు సాగు చేసినవాళ్లకు మిగులుతుంది. కౌలు మాట ఖరారు కావడం ఆలస్యమైతే నవధాన్యాల అదను కూడా దాటిపోతుంది. పైగా ఈ ఏడు బాగుచేసిన చేను వచ్చే ఏడు తనకే దక్కుతుందన్న హామీ లేనప్పుడు ఏ మహిళ అయినా పేడ మోసేది ఎవరి కోసం?

మూడు మార్పులు ఈ పరిస్థితిని చక్కదిద్దగలవు. మొదటిది, మహిళా సంఘాలకు కనీసం మూడు నుంచి ఐదేళ్ల ఉమ్మడి కౌలు, దానికి గ్రామ సమాఖ్య హామీ. రెండోది, ఈ-పంట నమోదులో భూమి యజమాని పేరు పక్కనే నిజంగా సాగు చేస్తున్న మహిళ పేరు. మూడోది, పురుగుల నివారణకు వాడే కషాయాలు, జీవామృతం తయారీని ఊళ్లోనే ఉపాధిగా నడిపి ఆ శ్రమకు ధర కట్టడం. వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టల్లో వీటిని ముందుగా అమలు చేసి, దీర్ఘకాలిక కౌలు ఉన్న చేలను, ఏడాది కౌలు చేలను పక్కపక్కన పెట్టి నేల తేమ, దిగుబడి, అప్పుల లెక్కలు కొన్నేళ్లు వరసగా సేకరించాలి. నేల మీద పెట్టుబడికీ హక్కుకూ ఉన్న సంబంధాన్ని అంకెల్లో చూపగలిగే అధ్యయనం పల్నాడుకు ఇప్పుడు అత్యవసరం.