అయిదుగురు ముగ్గురైన ముచ్చట

కుంపటి దగ్గరికి జరగండర్రా, చలి గట్టిగా ఉంది. జనానికి నచ్చేలా పాడితే కళ చచ్చిపోయినట్టేనా అని నిన్న అడిగావు కదరా చిన్నోడా. జెనెసిస్ అనే బ్యాండ్ కథ చెబుతాను, విను.

ఇంగ్లండులో సర్రే ప్రాంతంలోని చార్టర్‌హౌస్ అనే బడి పిల్లలు 1967లో కట్టుకున్న బ్యాండ్ అది. పాటకు పీటర్ గేబ్రియల్, కీబోర్డుకు టోనీ బ్యాంక్స్, బేస్ గిటారుకు మైక్ రూథర్‌ఫోర్డ్. 1970లో డ్రమ్ములకు ఫిల్ కాలిన్స్ వచ్చాడు, ఆ వెనకే గిటారుకు స్టీవ్ హ్యాకెట్. అప్పట్లో వాళ్ల పాటలు పెద్ద పెద్ద కథలే. 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’ రికార్డులో ఒక్క పాటే ఇరవై నిమిషాలు దాటుతుంది. గేబ్రియల్ ఓసారి నక్క తల, ఓసారి పువ్వు ముఖం తగిలించుకుని పగటివేషగాడిలా వేదికెక్కేవాడు.

1975లో ఆయన వెళ్లిపోయాడు. కొత్త గొంతు కోసం ఎందరినో పాడించి చూశారు. చివరికి డ్రమ్ములు వాయించే కాలిన్సే పాట అందుకున్నాడు. 1977లో హ్యాకెట్ కూడా తప్పుకున్నాడు. ఇక మిగిలింది ముగ్గురే. 1978లో తెచ్చిన రికార్డుకు ఆ మాటే పేరుగా పెట్టారు. అందులో ‘ఫాలో యూ ఫాలో మీ’ అనే చిన్న ప్రేమపాట బ్రిటన్ పాటల పట్టికలో ఏడో స్థానం దాకా ఎక్కింది.

1980లో వచ్చిన ‘డ్యూక్’ సంగతి మరీ ముఖ్యం. అందులో పాటలు కొన్నిటిని ఒకే పెద్ద వరసగా అల్లుకున్నారు. పాత ఇరవై నిమిషాల పాటతో పోలుస్తారని, వాటిని విడదీసి రికార్డంతా పరిచారు. వాటిలో ‘టర్న్ ఇట్ ఆన్ అగైన్’ రేడియోలో మోగింది. కానీ దాని నడక పదమూడు దెబ్బలది! విన్నవాళ్లు హాయిగా తలూపారు, లెక్క కట్టబోయినవాళ్లు తడబడ్డారు. పాట నిడివి తగ్గింది కానీ పనితనం తగ్గలేదు.

పాత అభిమానులకు మాత్రం ఈ మార్పు కష్టంగానే తోచింది. 1981లో ‘అబాకాబ్’ రికార్డు పాటలు పాడుతుంటే హాలండులోని లైడెన్ ఊళ్లో జనం గేలి చేశారు. వాళ్ల బాధను నేను తీసిపారెయ్యను. ప్రాణంగా చూసుకున్నది మారిపోతే నొప్పి ఉంటుంది. అయితే చెడగొట్టింది కాలిన్సే అని తిట్టడం అన్యాయం. పాటలు కట్టడంలో ముగ్గురి చెయ్యీ ఉంది.

1986 వేసవి చూడండి. ‘ఇన్విజిబుల్ టచ్’ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. దాన్ని దించి ఆ చోటెక్కిన పాట ఏదనుకున్నారు? గేబ్రియల్ పాడిన ‘స్లెడ్జ్‌హామర్’! వదిలి వెళ్లినాయనా, ఉండిపోయినవాళ్లూ జనం పాటకే వచ్చారు. ఎవరి దారిన వాళ్లు నడిచి వచ్చారు.

సులువుగా వినిపించే పాట కట్టడం సులువని అనుకోకండి. ఆ ‘ఇన్విజిబుల్ టచ్’ రికార్డులోనే ‘డామినో’ అని పది నిమిషాలు దాటిన పాట ఉంది. అది చివరిదాకా విని, తర్వాత మీ తీర్పు చెప్పండి.