ముప్పై ఏళ్ళు ఆగిన దేవుడు



పోయిన వారం గృహకూడిక అయ్యాక ఒక పెద్దాయన గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపారు. "అయ్యగారూ, మా వాడి కోసం పదకొండేళ్ళుగా ప్రార్థిస్తున్నాను. దేవుడు ఆలస్యం చేస్తున్నాడా, అసలు వినడమే లేదా?" అన్నారు. కొడుకు గాజువాకలో ఉంటాడు, షిఫ్టు డ్యూటీ. ఆదివారం అంటే నిద్ర. ఆ రాత్రి మేము ఏదో జవాబు చెప్పాము గాని అది మాకే తృప్తిగా లేదు. అందుకే ఇది రాస్తున్నాము.

పేతురు తన రెండవ పత్రిక మూడవ అధ్యాయములో ఈ ప్రశ్ననే ఎత్తుకున్నాడు. మనం ఆలస్యమని లెక్కపెట్టేది దేవుని దీర్ఘశాంతమనీ, ఎవరూ నశించక అందరూ మారుమనస్సు పొందాలని ఆయన ఆగుతున్నాడనీ చెప్పాడు. ఈ మాట మన విశాఖపట్నంలోనే ఎలా నెరవేరిందో చాలామందికి తెలియదు.

1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరిని ఈ ఊరికి పంపారు. అప్పటికి హార్బరు లేదు. ఈ పోర్టు 1933లో గాని తెరవలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కన ఏటి మొగ, కుంపిణీ వారి చిన్న పట్నం, అంతే. వారికి తెలుగు రాదు. నేర్చుకున్నారు, బడి పెట్టారు, సువార్తలు తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు.

వారికి తోడుగా 1808లో ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు వచ్చాడు. ఈయన కథ కాస్త నిదానంగా చెప్పాలి. ఆయన ఒక పటాలంలో లెక్కలు రాసిన ఉద్యోగి. మనశ్శాంతి కోసం ఒక గురువును ఆశ్రయిస్తే, ఒక మంత్రం నాలుగు లక్షల సార్లు జపించమన్నాడట. ఆయన గుడిలో కూర్చుని చెప్పిన లెక్కకు మించే జపించాడు. నెలలు గడిచినా మనసు కుదుటపడలేదు. ఇంటికి తిరిగి వెళ్ళే దారిలో ఒక రోమన్ కాథలిక్ విశ్వాసి కలిశాడు. అక్కడి నుంచి పుస్తకాలు, ప్రశ్నలు, చివరికి బాప్తిస్మము. తెలుగులో దేవుని వాక్యం తయారవుతోందని విని విశాఖకు వచ్చి అనువాదంలో కూర్చున్నాడు. ఆ నాలుగు లక్షల లెక్క విని మనం నవ్వనక్కరలేదు. ఎన్ని ఉపవాసాలు ఉన్నాము, ఎన్ని అధ్యాయాలు చదివాము అని మనమూ లెక్క పెట్టుకునేవాళ్ళమే. పదకొండేళ్ళు అన్నది కూడా ఒక లెక్కే కదా!

తరువాత జరిగింది చూడండి. 1809లో క్రాన్ చనిపోయాడు. 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయాడు. వారు శ్రమపడిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యే నాటికి ఇద్దరూ లేరు. వారి చోటికి వచ్చిన ప్రిట్చెట్ కొత్త నిబంధన అంతా తెలుగు చేశాడు. 1820లో ఆయనా పోయాడు. ఇన్ని సమాధులకు ఫలం ఎంత? ఆనందరాయరు బయటినుంచి విశ్వాసిగానే వచ్చాడు. ఈ ఊరి మిషను తన మొదటి తెలుగు విశ్వాసికి బాప్తిస్మమిచ్చింది 1835లో. ముప్పై ఏళ్ళు!

ఆ ముప్పై ఏళ్ళూ దేవుడు ఊరకే ఉన్నాడా? తెలుగులో అచ్చయిన చిన్న కరపత్రాలు చేతులు మారుతూ వెళ్ళాయి. అలాంటివి చదివిన పురుషోత్తమ చౌదరిగారు సత్యం వెదుకుతూ విశాఖకు వచ్చి హెలెన్ నాట్ అనే స్త్రీ దగ్గర వాక్యం విన్నారు. 1833లో కటకంలో బాప్తిస్మము పొందారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఆయనవి పాడకుండా మనకు ఆరాధన జరగదు. 1836లో అమెరికా బాప్టిస్టు శామ్యూల్ డే ఈ ఊరికే వచ్చి, తరువాత 1840లో నెల్లూరు వెళ్ళాడు. అక్కడా ఏళ్ళ తరబడి పెద్దగా ఏమీ కనబడలేదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. డే 1871లోనే కన్నుమూశాడు.

ఎదురుచూపు మన ప్రాంతానికి కొత్త కాదు. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగితే జాతికి అంకితమైంది 1992లో. అయితే ఫ్యాక్టరీ కోసం ఆగింది మనం. ఇక్కడ ఆగుతున్నది దేవుడు. ఆయన ఎదురుచూస్తున్నది మన కోసం.

ఒక సంగతి దాచకూడదు. ఈ దీర్ఘశాంతాన్ని సెలవు చీటీగా వాడుకునేవారున్నారు. "రిటైరయ్యాక చూద్దాం అయ్యగారూ" అనే మాట మేము ఎన్నిసార్లు విన్నామో! రోమా పత్రిక రెండవ అధ్యాయములో పౌలు, దేవుని దయ మనల్ని మారుమనస్సుకు నడిపించడానికే అన్నాడు. లూకా పదమూడులో అంజూరపు చెట్టు కోసం తోటమాలి అడిగింది ఒక్క సంవత్సరమే, అదీ చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని. ఆ ముప్పై ఏళ్ళలో విశాఖ వీధుల్లో సువార్త విని, రేపు చూద్దామనుకుని, ఆ రేపు చూడకుండానే పోయినవారు ఎందరో. ఆనందరాయరు అలా ఆగలేదు.

ఇప్పుడు మా తప్పు ఒప్పుకోవాలి. ఆ పెద్దాయన కొడుకు ఇంటికి మేము మూడుసార్లు వెళ్ళాము. మూడోసారి లోపల టీవీ మోగుతున్నా తలుపు తీయలేదు. తిరిగి వచ్చి పరామర్శ పుస్తకంలో ఆ పేరు మీద గీత కొట్టాము. ఆయన తండ్రికి ఈ సంగతి తెలియదు. దేవుడు ముప్పై ఏళ్ళు ఆగిన ఊరికి వాక్యం మోసేవాళ్ళం మూడు ప్రయాణాలకే అలసిపోయాము. మారుమనస్సు మొదట మాకే కావలసి ఉంది. నిన్న రాత్రి ఆ పుస్తకం తీసి, గీత పక్కనే ఆ పేరు మళ్ళీ రాశాము.

వచ్చే గురువారం ఆయనకు బి షిఫ్టు అట, పొద్దున ఇంట్లోనే ఉంటారు. మొదటి బస్సుకు వెళ్తున్నాము. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.